ఆఖరి ఇంటి నుంచి లెక్క

నీళ్లు పల్లానికి పారతాయని కాలేజీలో చదువుకుని ఉద్యోగంలో చేరాను. మోటరు ఉన్న వైపు పారతాయని చేరిన మొదటి వారంలోనే తెలిసింది. ముప్పై మూడేళ్లు తాగునీటి సరఫరా పనిలో గడిపి రిటైరయ్యాను. మొన్న మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు కొందరు టీకి పిలిచి, "సార్, మీ సర్వీసులో పెద్ద ప్రాజెక్టు ఏదైనా ఉంటే రాయండి, మాకు పనికొస్తుంది" అన్నారు. పెద్ద ప్రాజెక్టులేవీ నా చేతి మీదుగా పోలేదు బాబూ. పోయినవన్నీ చిన్న చిన్న పైపులే. వాటిలో ఒక పైపు గురించి, దాని చివరనున్న ఒక ఇంటి గురించి, ఆ ఇంటికి నేను చేసిన అన్యాయం గురించి అయితే చెప్పగలను. పేర్లు ఎవరివీ రాయను. కొందరు ఇప్పుడు లేరు. ఉన్నవాళ్లకు నేనంటే ఇంకా కాస్త మర్యాద ఉంది, దాన్ని చెడగొట్టుకోవడం ఎందుకు.

అప్పట్లో నాకు సికింద్రాబాద్‌లో ఒక సెక్షన్ ఇచ్చారు. సీతాఫల్‌మండి వెనకవైపు బస్తీలు, పాత పెంకుటిళ్లు, వాటి మధ్యలోంచి లేస్తున్న కొత్త అపార్ట్‌మెంట్లు, అన్నీ నా పరిధే. వీటన్నిటికీ కలిపి గుట్ట మీద ఒకటే రిజర్వాయరు. నేను పుట్టకముందు కట్టింది. తెల్లవారేసరికి నిండేది. దాంట్లోంచి నాలుగు జోన్లకు, ఒకదాని తర్వాత ఒకటిగా, రోజు విడిచి రోజు నీళ్లు వదలాలి. ఒక వాల్వు తిప్పి గంట సేపు వదలడం, దాన్ని మూసి ఇంకోటి తిప్పడం. నాలుగో జోను అయ్యేసరికి రిజర్వాయరు అడుగు కనపడేది.

నెలకోసారి బేగంపేటలో మీటింగు ఉండేది. "ఈ నెల ఎన్ని కొత్త కనెక్షన్లు ఇచ్చారు?" అని ఒక్కొక్కరినీ అడిగేవారు. పోయిన నెల కంటే ఎక్కువ చెప్పినవాడి వైపు బిస్కెట్ల ప్లేటు జరిగేది. తక్కువ చెప్పినవాడు తల దించుకుని నోట్‌బుక్కులో బొమ్మలు గీసుకునేవాడు. నాకు బిస్కెట్లు బాగానే దొరికాయి. అన్నేళ్లలో ఏ మీటింగులోనూ "మీ రిజర్వాయరు ఏమైనా పెరిగిందా?" అని ఎవరూ అడగలేదు. వాళ్లను అనడం ఎందుకు, నాకే ఆ ప్రశ్న తోచలేదు.

ఆ ప్రశ్న తోచిన మనిషి ఒకాయన మా సెక్షన్‌లోనే ఉండేవాడు. వాల్వులు తిప్పే లైన్‌మన్. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను "పెద్దాయనా" అని పిలిచేవాణ్ని, ఆయన నన్ను "సార్" అనేవాడు. పాత సైకిలు, దానికి కట్టిన పొడుగాటి ఇనుప చావి, మెడలో తువ్వాలు. మాట తక్కువ. ఏ వాల్వుకు ఎన్ని చుట్లు తిప్పాలో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు, ఏ కాగితం మీదా లేదు.

ఆయన పని చేసే తీరు ఒకటి మా ఆఫీసులో అందరికీ నవ్వులాట. పొద్దున ఆరింటికి మొదటి జోను వాల్వు తిప్పేవాడు. తిప్పి అక్కడ నిలబడకుండా సైకిలెక్కి ఆ లైనులో ఆఖరి ఇంటికి పోయేవాడు. మెట్టు మీద కూర్చుని, ఆ ఇంటి నల్లాలో నీళ్లు వచ్చేదాకా చూసేవాడు. వచ్చాక దోసిట్లో పట్టి ఒక గుక్క తాగేవాడు. ఆయన గంట అప్పుడు మొదలయ్యేది. ఆ లెక్క ప్రకారం గంట అయ్యాక వెనక్కి పోయి వాల్వు మూసేవాడు. నాలుగు జోన్లలోనూ ఇదే వరస.

నేను కొత్తగా వచ్చినప్పుడు ఈ పద్ధతి చూసి ముచ్చటపడ్డాను. కొన్నేళ్లు గడిచాక అదే నాకు తలనొప్పి అయింది. ఆరింటికి తిప్పిన వాల్వు ఏడింటికి మూయాలి. ఈయన ఎనిమిదైనా మూయడు. దాంతో రెండో జోను ఆలస్యం, మూడోది ఇంకా ఆలస్యం, నాలుగో జోను వాళ్లకు పదకొండు దాటాక సన్నటి ధార. వాళ్లు బిందెలు పట్టుకుని ఆఫీసుకు వచ్చేవారు. అది చాలదన్నట్టు మొదటి జోనులోనే, వాల్వుకు దగ్గరగా ఉన్న గల్లీవాళ్లు, తమకు ధార తగ్గిపోతోందని గోల. ఆ గల్లీకి విడిగా ఇంకో చిన్న వాల్వు ఉంటే, దాన్ని ఈయన రెండు చుట్లు బిగించి పోయేవాడు, చివరిదాకా నీళ్లు పోవాలని.

ఆ ఫిర్యాదుల్లో ఒకటి మా ఇంట్లోంచే వచ్చేది. అద్దె తక్కువని మేము అప్పుడు ఆ మొదటి గల్లీలోనే ఉండేవాళ్లం.

"ఏందండీ మీ లైన్‌మన్? జెర చెప్పరాదా," అనేది నా భార్య. "బకెట్ నిండుడుకు తెల్లారిపోతున్నది. ఇంజినీరు ఇల్లంటే నీళ్లకు తక్లీఫ్ ఉండదని మా చెల్లె అనుకుంటున్నది. నవ్వుతరు నలుగురు."

ఒకరోజు ఆయన్ను ఆఫీసుకు పిలిచాను. నేను గడియారం చూపించి, గీతలు గీసిన చార్టు ఒకటి బల్ల మీద పరిచాను. జోనుకు గంట. ఆరు నుంచి ఏడు, ఏడు నుంచి ఎనిమిది, అలాగా. రంగు పెన్సిళ్లతో నేనే వేశాను, అందంగా వచ్చింది.

ఆయన చాలాసేపు చూశాడు. "గంట ఎప్పటి సంది లెక్కవెడ్తరు సార్?" అని అడిగాడు.

"వాల్వు తిప్పినప్పటి నుంచి."

"వాల్వు నీళ్లు తాగదు కద సార్."

గదిలో ఉన్న గుమాస్తా కిసుక్కున నవ్వాడు. నాకు మండిపోయింది. నిజం చెబుతున్నాను, ఆ నవ్వు లేకపోతే నేను ఆ మెమో రాసి ఉండేవాణ్ని కాదేమో. విధి నిర్వహణలో ఆలస్యం, పై అధికారి సూచనలను పాటించకపోవడం, ఇలాంటి మాటలతో ఒక కాగితం టైపు చేయించి ఆయన సర్వీసు ఫైల్లో పెట్టించాను. రిటైర్మెంటుకు రెండేళ్లు ఉన్న మనిషి. ఇరవై ఎనిమిదేళ్లలో ఆయనకు అదే మొదటి మెమో. తర్వాత వాల్వుల పని నుంచి తీసి గుట్ట మీద రిజర్వాయరు దగ్గర కాపలాకు వేశాను. ఇంకో లైన్‌మన్‌కు నా చార్టు ఇచ్చాను. అతను చురుకైనవాడు, గడియారం ప్రకారం తిప్పాడు.

పని భలేగా సాగింది. నెల తిరిగేసరికి ఫిర్యాదులు సగానికి పడిపోయాయి. నాలుగో జోను వాళ్లు బిందెలతో రావడం మానేశారు. మా ఇంట్లో బకెట్లు నిండాయి. బేగంపేట మీటింగులో నా చార్టు అందరికీ చూపించి, మిగతా సెక్షన్లు కూడా ఇలాగే చేయాలన్నారు. ఆ రోజు బిస్కెట్లు కాదు, సమోసాలు వచ్చాయి.

ఫిర్యాదులు తగ్గాయంటే నీళ్లు అందుతున్నాయని అనుకున్నాను. నీళ్లు రాకపోయినా ఫిర్యాదు చేయని మనుషులుంటారని నాకు తట్టలేదు.

అంతలో ఒక పెద్ద దరఖాస్తు వచ్చింది. ఎప్పుడో మూతపడిన గోదాముల స్థలంలో మూడు బ్లాకుల అపార్ట్‌మెంటు కడుతున్నారు. మూడు వందల చిల్లర ఇళ్లు. మా మొదటి జోను లైను నుంచే కనెక్షన్ కావాలి. ఇవ్వచ్చని నేను ఫీజిబిలిటీ రిపోర్టు రాస్తే చాలు, ఆ నెలకే కాదు, ఆ ఏడాదికే నా లెక్క తీరిపోతుంది. రిపోర్టులో ఒక గడి ఉంటుంది: లైను చివర ప్రెషర్ ఎంత ఉందో కొలిచి రాయాలి. నిజం చెప్పాలంటే చివరిదాకా ఎవరూ వెళ్లరు. మేమంతా మొదటి గల్లీ మూలనున్న ఇరానీ హోటలు నల్లాకు గేజి పెట్టి, ఒక చాయ్ తాగి, వచ్చిన అంకె రాసుకునేవాళ్లం. ఆ గురువారం పొద్దున హోటలు మూసి ఉంది. యజమాని ఇంట్లో ఎవరో పోయారట. సరే, స్కూటరు మీదున్నాను కదా అని మొదటిసారి లైను చివరిదాకా వెళ్లాను.

ఆఖరి ఇల్లు రెండు గదుల పెంకుటిల్లు. ముందు రెండు మెట్లు, పక్కన నల్లా. తలుపు తీసినావిడకు డెబ్భై దాటి ఉంటాయి. మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైన మనిషి. గుంటూరు వైపు నుంచి చిన్న వయసులోనే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారట. చుట్టుపక్కల అంతా టీచరమ్మ అనేవాళ్లు. ఫలానా అని చెప్పుకోగానే ఆవిడ ముఖం విప్పారింది.

"రా బాబు, కూర్చో. మా లైన్‌మన్ గారు ఎలా ఉన్నారు? ఒంట్లో బాగానే ఉందా? నెల పైనే అయింది కనపడక. జబ్బు చేసిందేమోనని రోజూ ప్రార్థనలో తలుచుకుంటున్నాం."

ఆయనకు ఏమీ కాలేదని, వేరే పని మీద వేశామని చెప్పాను. వేసింది నేనని చెప్పలేదు. గేజి నల్లాకు బిగించి మెట్టు మీద కూర్చున్నాను. ఆరున్నర అయింది. ఆరు ముప్పావు అయింది. గేజిలో ముల్లు కదల్లేదు. ఆవిడ లోపలికి వెళ్లి టీ పెట్టుకొచ్చింది. టీ ఇచ్చాక, ఇంకో గ్లాసు కడగడానికి ఒక చిన్న గిన్నెలోంచి నీళ్లు ఒంపి, ఆ కడిగిన నీళ్లు పారబోయకుండా బకెట్లో పోసింది. అది చూశాక టీ గ్లాసు కింద పెట్టేశాను.

"నీళ్లు ఎన్నింటికొస్తాయమ్మా?"

"ఇప్పుడు రావడం లేదుగా బాబు."

"ఎప్పటి నుంచి?"

ఆవిడ ఆలోచించి, "ఉండు, రాసిపెట్టాను" అంది. టీచరు అలవాటు. నల్లా వచ్చిన ప్రతి రోజూ, వచ్చిన టైము కేలండరు గడిలో పెన్సిలుతో రాస్తుందట. గోడ మీద ఈ ఏటి కేలండరు ఉంది. పాతవి ఏవమ్మా అంటే వంటింట్లోకి తీసుకుపోయింది. అలమరలో డబ్బాల కింద పరిచి ఉన్నాయి. ఇద్దరం కలిసి డబ్బాలు ఎత్తి చూశాం. పప్పు డబ్బా కింద, చాలా ఏళ్ల నాటి కాగితం మీద: ఆరు పది, ఆరు పన్నెండు, ఆరు పది. చింతపండు జాడీ కింద: ఆరున్నర. ఉప్పు, కారం సీసాల కింద: ఆరు నలభై, ఆరు యాభై. గోడ మీది కేలండరులో మొదటి నెలల్లో ఏడు పది, ఏడు ఇరవై. ఆ తర్వాత ఒక తారీకు నుంచి గళ్లన్నీ ఖాళీ.

ఆ తారీకు నాకు బాగా గుర్తు. నా చార్టు మొదలైన రోజు. ఏడింటికి వాల్వు మూయించాను నేను. ఏడు దాటాక గానీ ఆ ఇంటికి నీళ్లు చేరవు. అంటే ఆ ఇంటికి నేను నీళ్లు ఆపేశాను, అందమైన రంగుల్లో.

అప్పుడే లోపలి గదిలోంచి ఎవరో పిలిచారు. ఆవిడ చెల్లెలు. పక్షవాతం వచ్చి మూడేళ్లుగా మంచం మీదే ఉంది. తొంగి చూశాను. చక్కగా తల దువ్వి, తెల్లటి దుప్పటి కప్పి ఉంది. మంచం కింద ఒక బట్టల సంచి సర్ది ఉంది.

"ఎక్కడికైనా వెళ్తున్నారా అమ్మా?"

టీచరమ్మ నన్ను మళ్లీ ముందు గదిలోకి తీసుకొచ్చి మెల్లగా చెప్పింది. "బొల్లారంలో ఒక హోమ్ ఉంది. ఇలాంటివాళ్లను చూసుకుంటారు. శనివారం పది గంటలకు బండి పంపిస్తామన్నారు. మంచం మీదున్న మనిషికి రోజూ స్నానం చేయించాలి బాబు, లేకపోతే ఒళ్లు పుండ్లు పడుతుంది. తడిగుడ్డతో ఎన్నాళ్లని తుడవను? డబ్బా నీళ్లు మోయించుకుంటే తాగడానికే సరి. తనకు ఇంకా చెప్పలేదు. మేమిద్దరం పుట్టిన దగ్గర నుంచి ఒక్కింట్లోనే ఉన్నాం. తను పెళ్లయి వెళ్లిన ఆరేళ్లు తప్ప."

ఆవిడ కంప్లెయింట్ చేయలేదు. కనీసం నిట్టూర్చలేదు. "మీకు పైన ఎన్ని ఇబ్బందులుంటాయో" అని కూడా అంది. ఆ మాట వింటుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

స్కూటరు నేరుగా గుట్ట మీదికి పోనిచ్చాను. పెద్దాయన రిజర్వాయరు మెట్ల మీద రాలిన ఆకులు ఊడుస్తున్నాడు. నన్ను చూసి చీపురు పక్కన పెట్టి, ఇంట్లో అందరు మంచిగున్నరా సార్ అని అడిగాడు. ఆఖరి ఇంటికి నీళ్లు రావట్లేదని చెప్పాను. 

"మరి టీచరమ్మ చెల్లెకు తానం?"

శనివారం బండి సంగతి చెప్పాను. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత, "ట్యాంకు గంతే ఉన్నది సార్," అన్నాడు. "నేను కొత్తగ వచ్చినప్పుడు ఈ లైనుకు నూట ఇరవై నల్లాలు. ఇప్పుడు ఎన్నున్నయో మీకే ఎరుక. ఏడాదికేడాది ఆఖరి ఇంటి కాడ ఎక్కువ సేపు కూసుండుడైంది. నాకు సమజైంది. ఎవరికి చెప్పాలె? గందుకే మొదటి గల్లీ రెండు చుట్లు బిగిచ్చిన."

"మెమో రాశాను మీకు."

"మీరు రాసింది అబద్ధం కాదు సార్. లేటయిన మాట నిజమే." అని కొంచెం నవ్వాడు. ఆ నవ్వుకు నాకు కళ్లు చెమ్మగిల్లాయి. దాచుకోలేదు. ఆయన గమనించనట్టు గుట్ట కిందికి చూశాడు.

"ఎల్లుండికి నీళ్లు పోవాలంటే ఏం చేయాలి?"

"మొదటి గల్లీల ఏడు మోటర్లున్నయి సార్. లైనుకే పెట్టి గుంజుతున్నరు. అవి నడిచినంత సేపు ఆఖరి గల్లీకి గాలి తప్ప ఏం రాదు."

"ఎవరెవరివి?"

వేళ్ల మీద లెక్కపెట్టాడు. మేడ మీద టైలరు ఇల్లు, రెండు అపార్ట్‌మెంట్లు, రైల్వే ఆయన ఇల్లు, పిండి గిర్ని, హాస్టలు. ఆరు చెప్పి ఆగాడు.

"ఏడోది?"

"యాదికొస్తలేదు సార్," అన్నాడు, చీపురు చేతిలోకి తీసుకుంటూ.

ఏడోది మాది. రెండేళ్ల కిందట పెట్టించాను. అందరూ పెట్టుకున్నారు, మేమొక్కళ్లమే ఎందుకు ఎండాలి అనుకున్నాను. అర హార్స్‌పవర్ మోటరుతో ఎవరికి నష్టం అని కూడా అనుకున్నాను. ఆయనకు మొదటి నుంచీ తెలుసు. మెమో అందుకున్న రోజున కూడా ఆ మాట నోట్లోంచి రానివ్వలేదు.

మరునాడు శుక్రవారం పొద్దున్నే మా పై ఆఫీసరు దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డవాడు కాదు. నా పెళ్లికి వచ్చి భోజనాలు వడ్డించిన మనిషి. కొత్త అపార్ట్‌మెంటుకు ఈ లైను నుంచి నీళ్లు ఇవ్వడం కుదరదని రాసిన రిపోర్టు బల్ల మీద పెట్టాను. చదివి, కళ్లజోడు తీసి, నవ్వాడు.

"ఇదేం చోద్యమయ్యా? 'నీటి లభ్యతకు లోబడి ఇవ్వవచ్చు' అని రాయి. ఎప్పుడూ రాసేదేగా."

"ఎప్పుడూ రాసేదే సార్. అది రాసి రాసే లైను చివర నీళ్లు లేకుండా పోయాయి."

"ఊరు పెరగొద్దంటావా? రోజూ జనం వస్తున్నారు, వాళ్లకు ఇళ్లు కావాలి, నీళ్లు కావాలి. నువ్వొక్కడివి సంతకం పెట్టకపోతే ఆగుతుందా?"

"ఆగదు సార్. కానీ ఉన్న ట్యాంకులోంచి ఇంకా ఎంతమందికి పంచగలం?"

"ఈ ట్యాంకు చాలకపోతే ఇంకో నది నుంచి తెస్తారు. ఇంకా దూరం నుంచి తెస్తారు. అది నీ తలనొప్పి కాదు, నా తలనొప్పీ కాదు." తర్వాత గొంతు తగ్గించి, "చూడు, నీ ప్రమోషన్ ఫైలు ఇప్పుడే కదులుతోంది" అన్నాడు. బెదిరింపుగా కాదు, అన్నలాగా చెప్పాడు.  నేను వాదించగలిగే మనిషిని కాను. రిపోర్టు మాత్రం మార్చకుండా అక్కడే వదిలేసి, ఇంకో రెండు కాగితాల మీద నా పరిధిలో ఉన్నంతవరకు ఉత్తర్వులు రాసుకున్నాను. ఒకటి, మెమో వెనక్కి తీసుకోవడం. రెండు, పెద్దాయన్ను మళ్లీ వాల్వుల మీద వేయడం.

ఆ అపార్ట్‌మెంటు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, మీరు ఎదురుచూడకుండా. నాలుగు నెలల తర్వాత వాళ్లకు కనెక్షన్ వచ్చింది, పక్క సెక్షన్ లైను నుంచి, వేరే సంతకంతో. నా ప్రమోషన్ ఏడాదిన్నర వెనక్కి జరిగింది. అంత పెద్ద త్యాగమేమీ కాదు, నా భార్య దాని గురించి ఎత్తిపొడిచినన్నాళ్లు కూడా అది ఆగలేదు.

ఉత్తర్వు కాగితం ఇవ్వడానికి మళ్లీ గుట్ట ఎక్కాను. ఆఫీసరు అన్న మాట పెద్దాయనకు చెప్పాను, చాలకపోతే ఇంకా దూరం నుంచి నీళ్లు తెస్తారట అని.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "తెస్తరు సార్. తేనీ," అన్నాడు. "ఆడ సుత ఎవలో ఒకలు ఆఖరి ఇంట్ల ఉంటరు కద."

 తర్వాత ఎన్నో కొత్త పైపులైన్లు చూశాను, ప్రారంభోత్సవాల్లో నిలబడ్డాను, చప్పట్లు కొట్టాను. కొట్టిన ప్రతిసారీ ఆ పైపు ఎక్కడ మొదలైందో, అక్కడ ఎవరి చెలమ ఎండిందో అని ఒకసారి మనసులో అనిపించేది.

మధ్యాహ్నం ఇంటికి పోయాను. మోటరు విప్పడానికి పానా తీసుకుని సంపు దగ్గర కూర్చుంటే నా భార్య వచ్చింది.

"ఏం జేస్తున్నరు?"

"మోటరు తీసేస్తున్న."

"దిమాగ్ గిట్ల ఖరాబైందా? ఇంటెడు బట్టలు, రేపు మా అక్కోళ్లు వస్తున్నరు. అందరు పెట్టుకున్నరు, మనమే దొంగలమా?"

పానా పక్కన పెట్టి జరిగిందంతా చెప్పాను. కేలండర్ల సంగతి, మంచం కింద సంచి, పెద్దాయన ఏడో వేలు దగ్గర ఆగిపోవడం. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి విన్నది.

"ఎన్ని దినాలైంది గా అమ్మకు తానం లేక?"

"నెల దాటింది. తడిగుడ్డతో తుడుస్తున్నరట."

వంగి పానా తీసింది. నా చేతిలో పెట్టి, "తియ్యుండ్రి," అంది. "తీసి నాకు కనపడకుండ యాడన్న పారెయ్యుండ్రి. రేపు మల్ల మనసు మారుతది నాకు." అంటూనే, "బట్టలు మాత్రం మీరే పిండాలె" అని కూడా చేర్చింది. ఆ షరతు చాలా ఏళ్లు అమల్లో ఉంది.

సాయంత్రం పెద్దాయన, నేను మిగతా ఆరిళ్లకూ తిరిగాం. టైలరు మంచివాడు, విని తనే విప్పి ఇచ్చాడు. పిండి గిర్ని ఆయన మాత్రం రోడ్డు మీదికి వచ్చి గట్టిగా అరిచాడు. "ముందుగాల మీ ఇంట్లది తియ్యుండ్రి సార్, గప్పుడు మా కాడికి రాండ్రి!" గల్లీ అంతా గుమిగూడింది. "తీసిన. పోయి చూస్కోండ్రి," అన్నాను. నిజంగానే ఒకడు పరుగెత్తుకుపోయి చూసొచ్చి తల ఊపాడు. అప్పుడు నేను జీవితంలో మొదటిసారి ఒక రోడ్డు మీద నిలబడి ప్రసంగం లాంటిది ఇచ్చాను. గంట బదులు ఇకనుంచి అందరికీ నలభై నిమిషాలే అని, ఆ నలభై ఆఖరి ఇంటి నల్లా మొదలైనప్పటి నుంచి లెక్క అని, నాలుగు జోన్లకూ అదే అని. తిట్టారు. బాగానే తిట్టారు. ఎవరో వెనక నుంచి, "అంటే పోను పోను ఇంకా తగ్గుతదా సార్?" అని అడిగారు. తగ్గొచ్చు అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. చీకటి పడేలోగా ఆరు మోటర్లూ దిగాయి.

శనివారం పొద్దున ఆరింటికి పెద్దాయన వాల్వు తిప్పాడు. మొదటి గల్లీది రెండు చుట్లు బిగించాడు. ఆయన సైకిలు మీద, నేను స్కూటరు మీద ఆఖరి ఇంటికి వచ్చాం. ఆయన్ను చూసి టీచరమ్మ, "వచ్చావా నాయనా" అంది. సంచి మంచం కింద నుంచి గుమ్మం దగ్గరికి వచ్చి ఉంది. చెల్లెలికి రాత్రే చెప్పిందట. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

మేమిద్దరం మెట్టు మీద కూర్చున్నాం. ఆరుంబావు అయింది. ఆరున్నర అయింది.  ఏ ఇంట్లోనన్నా రాత్రికి రాత్రి మోటరు మళ్లీ బిగించారేమో, పైపు ఎక్కడన్నా పగిలిందేమో అని లేచి నిలబడ్డాను. "కూసోండ్రి సార్, పరేషాన్ గాకుండ్రి," అన్నాడాయన. ఆయన కూడా తువ్వాలు కొస మెలిపెడుతూనే ఉన్నాడు.

నల్లాలో ముందు గాలి బుసకొట్టింది. తర్వాత తుప్పు రంగు నీళ్లు నాలుగు చుక్కలు. ఆ తర్వాత సన్నగా, ఆగకుండా ధార వచ్చింది. పెద్దాయన దోసిలి పట్టి ఒక గుక్క తాగి, తడి చేత్తో నా మణికట్టు పట్టుకుని గడియారం తన వైపు తిప్పుకున్నాడు.

"ఎంతైంది సార్?"

"ఆరు ముప్పై ఎనిమిది."

"గీడికెల్లి నలభై."

టీచరమ్మ బకెట్లు పెట్టింది. నేను మోశాను. మూడో బకెట్టు లోపల పెట్టి వచ్చాక తలుపు మూసుకుంది. లోపల చెంబు చప్పుడు వినపడింది. నీళ్లు పోసిన చప్పుడు. "అక్కా, చల్లగా ఉన్నాయే" అని సన్నటి గొంతు. "ఓర్చుకో, తలకు కూడా పోస్తాను" అని టీచరమ్మ గొంతు. తర్వాత ఆ చెల్లెలు ఏదో అంది, ఇద్దరూ నవ్వారు. పెద్దాయన తల వంచుకుని కూర్చున్నాడు.

కాసేపటికి టీచరమ్మ తలుపు సందులోంచి నంబరు రాసిన ఒక కాగితం ముక్క నా చేతికిచ్చింది. చేతులు తడిగా ఉన్నాయి, ఆ హోమ్‌కు కాస్త నువ్వే ఫోన్ చేసి చెప్పు బాబూ, బండి పంపొద్దని, అంది. మెట్టు మీద నిలబడి ఫోన్ చేశాను. అవతల ఎవరో ఆడమనిషి, రిజిస్టరు చూసుకుంటున్నట్టుంది, కారణం ఏం రాసుకోమంటారు అని అడిగింది.

"నీళ్లొచ్చాయండీ," అన్నాను.